చిట్టా నుంచి ఆవర్జాకు: డేటాబేసుల్లో భారీ లోడింగ్ చరిత్ర

తెలుగునాట సంప్రదాయ వర్తకపు లెక్కలు రెండు పుస్తకాల మీద నడిచేవి. ఏ నాటి లావాదేవీలను ఆ నాడు, జరిగిన వరుసలోనే రాసుకునేది చిట్టా; ఆ పద్దులనే ఖాతాల వారీగా విడదీసి, ఎవరి పేర ఎంత నిలువ ఉన్నదో ఒక్క చూపులో తెలిసేటట్లు ఎక్కించేది ఆవర్జా. చిట్టా కాలక్రమాన్ని అనుసరిస్తుంది కనుక అందులో రాయడం సులువు, వెతకడం కష్టం. ఆవర్జా ఖాతాల క్రమాన్ని అనుసరిస్తుంది కనుక అందులో వెతకడం సులువు, ప్రతి పద్దుకూ వేరొక పుట తిప్పవలసి రావడం వల్ల రాయడం కష్టం.

సమాచారాన్ని అడ్డు వరుసలు, నిలువు వరుసలు గల పట్టికలుగా భద్రపరిచే రిలేషనల్ డేటాబేసుల చరిత్రను సాధారణంగా ప్రశ్నల వైపు నుంచి, అనగా దాచిన సమాచారాన్ని ఎలా వెతికి తీస్తారన్న వైపు నుంచి రాస్తుంటారు. ఆ పట్టికల్లోకి కోట్లాది వరుసలు ఎలా చేరాయి, చేరినవి పాతబడినప్పుడు ఎలా కొత్తబడ్డాయి అన్న వైపు నుంచి చూసినప్పుడు, అదే చరిత్ర చిట్టాకూ ఆవర్జాకూ నడుమ ఉన్న ఎడాన్ని తగ్గించడానికి ఏడు దశాబ్దాలకు పైగా సాగిన కృషిలో భాగంగా కనిపిస్తుంది. ఈ కృషిలో ఒక విశేషం ఉన్నది: పద్దులను ముందుగా ఖాతాల క్రమంలో పేర్చుకొని ఒకే విడతలో ఎక్కించాలన్న, అయస్కాంత టేపుల కాలపు సూత్రం, ఇక దానితో పని తీరిందని భావించిన ప్రతిసారీ, కొత్త రూపంలో తిరిగి అవసరమైంది.

కార్డులు, టేపులు

భారీ సమాచారాన్ని యంత్రానికి అందించే పని అమెరికా జనాభా లెక్కలతో మొదలయింది. 1880 నాటి లెక్కలను చేతితో క్రోడీకరించడానికి ఏడెనిమిదేళ్లు పట్టడంతో, 1890 నాటి లెక్కలకు హెర్మన్ హోలెరిత్ రూపొందించిన యంత్రాలను వినియోగించారు. మనిషికొక కార్డు చొప్పున, వయసు, వృత్తి, జన్మస్థలం వంటి వివరాలను రంధ్రాలుగా పొడిచి, ఆ కార్డులను యంత్రం గుండా పంపి లెక్కించేవారు. 6 కోట్లకు మించిన జనాభాకు 6 కోట్లకు మించిన కార్డులు పొడవవలసి వచ్చినందున, లెక్కించడం వేగవంతమైనా, వివరాలను యంత్రం చదవగల రూపంలోకి మార్చడమే పెద్ద శ్రమగా మిగిలింది. లోడింగ్ అని నేడు పిలిచే పనిలోని తొలి సమస్య అదే.

1951లో అమెరికా జనాభా లెక్కల సంస్థ స్వీకరించిన యూనివాక్ కంప్యూటర్‌తో కార్డుల స్థానంలోకి అయస్కాంత టేపు ప్రవేశించింది. టేపును మొదటి నుంచి చివరి వరకు వరుసగా చదవడం తప్ప, నడుమనున్న ఒక పద్దును మాత్రమే దిద్దడం ఆచరణలో సాధ్యం కాకపోవడంతో, దానికి తగిన పద్ధతి ఒకటి స్థిరపడింది. ఖాతాలన్నీ సంఖ్యల క్రమంలో ఉన్న టేపును మాస్టర్ ఫైల్ అనేవారు. అది ఆవర్జాకు సమానం. ఆ రోజు వచ్చిన మార్పులను వేరొక టేపు మీద చిట్టాగా సేకరించి, వాటిని కూడా ఖాతా సంఖ్యల క్రమంలో పేర్చి, రెండు టేపులనూ పక్కపక్కన చదువుతూ, మార్పు లేని పద్దును యథాతథంగా, మార్పు ఉన్న పద్దును సవరించి, మూడవ టేపు మీద కొత్త మాస్టర్ ఫైలును రాసేవారు. క్రమంలో పేర్చిన రెండు జాబితాలను ఒకటిగా కలిపే ఈ విధానం మీద ఆధారపడిన మెర్జ్ సార్ట్‌ను జాన్ వాన్ నాయ్‌మన్ 1945లోనే ఎడ్వాక్ యంత్రం కోసం రాసి ఉన్నాడు.

ఈ పద్ధతిలో ఒక గొప్ప గుణం, ఒక పెద్ద లోపం ఉన్నాయి. పాత టేపు మీద చేయి పడదు కనుక, నడుమ యంత్రం ఆగినా, లెక్క తప్పినా, పాత టేపుతో మళ్లీ మొదలుపెట్టవచ్చు. వరుసగా మూడు తరాల టేపులను తాత, తండ్రి, కొడుకు అన్న పేర్లతో భద్రపరిచే ఆనవాయితీ అందుకే ఏర్పడింది. కానీ లక్ష ఖాతాల్లో పది మాత్రమే మారినా లక్ష ఖాతాలనూ తిరగరాయాలి. పగలు జరిగిన మార్పు మరునాటి ఉదయానికి గానీ ఆవర్జాలో కనిపించదు. లోడింగ్ వ్యవస్థలు ఆనాటి నుంచి నేటి వరకు ఎదుర్కొంటున్న రెండు ప్రశ్నలు, అంటే మొత్తం తిరగరాయాలా లేక మారిన వాటినే దిద్దాలా, దిద్దుతున్నంతసేపూ చదివేవారికి ఏమి చూపాలి అన్నవి, ఈ టేపుల గదిలోనే పుట్టాయి.

డిస్క్, పట్టిక, సూచిక

ఐబీఎం 1956లో విడుదల చేసిన రామాక్ వ్యవస్థలో 50 పళ్లేల వంటి డిస్కుల మీద 50 లక్షల అక్షరాలను నిలువ చేసేవారు. డిస్క్ మీద ఏ పద్దు దగ్గరకైనా చదివే ముల్లు నేరుగా వెళ్లగలదు కనుక, మార్పులను పోగుచేసి రాత్రి వేళ ఎక్కించే అవసరం తొలగిపోతుందని, ఏ లావాదేవీ జరిగిన క్షణానే ఆ ఖాతా సవరించబడుతుందని ఆశలు కలిగాయి. 1970 జూన్‌లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ ప్రచురించిన వ్యాసం, సమాచారం డిస్క్ మీద ఏ క్రమంలో ఉన్నదో తెలియనవసరం లేకుండానే దానిని పట్టికలుగా భావించి వాడుకోవచ్చని ప్రతిపాదించింది. ఆ ప్రతిపాదనను ఆచరణలో పెట్టడానికి శాన్ హోసేలోని ఐబీఎం ప్రయోగశాలలో సిస్టమ్ ఆర్, బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఇంగ్రెస్ అనే ప్రయోగాత్మక వ్యవస్థలు 1970లలో రూపొందాయి. ఎస్‌క్యూఎల్ అనే ప్రశ్నల భాష వీటిలో మొదటి దాని నుంచి వచ్చింది.

పట్టికలో వెతుకులాట వేగంగా సాగడానికి కారణం ఇండెక్స్, అనగా సూచిక. పుస్తకం చివర అకారాది క్రమంలో ఇచ్చే పదసూచిక వంటిదే ఇదీ. బోయింగ్ సంస్థలో పనిచేస్తున్న రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ 1970ల తొలినాళ్లలో రూపొందించిన బీ-ట్రీ ఇండెక్స్‌లకు ప్రామాణిక రూపమైంది. కొత్త వరుస చేరిన ప్రతిసారీ ఇందులో తగిన చోటు వెతికి, అక్కడ ఆ వరుస గుర్తును చేర్చాలి. వరుసలు వచ్చే క్రమం, సూచికలోని క్రమం వేర్వేరు కనుక ప్రతి వరుసకూ డిస్క్ ముల్లు ఒక కొత్త చోటికి జరగవలసి వస్తుంది. సెకనుకు 30 సార్లు జరగగల డిస్క్ మీద 10 లక్షల వరుసలను ఇలా ఒక్కొక్కటిగా ఒక సూచికలో చేర్చడానికి తొమ్మిది గంటలకు పైగా పడుతుంది. సూచికలు నాలుగు ఉంటే ఆ పనికి ఒక రాత్రి చాలదు. గుమాస్తా ప్రతి పద్దుకూ ఆవర్జాలో వేరొక పుట తిప్పవలసి రావడమనే కష్టం యంత్రంలోనూ అదే ఆకారంలో తిరిగి ఎదురైంది.

దీనికి తోడు భద్రత కోసం చెల్లించే వెల ఒకటి ఉన్నది. నడుమ కరెంటు పోయినా పూర్తయిన మార్పు చెరగకుండా, సగంలో ఆగిన మార్పు మిగలకుండా ఉండాలంటే, పట్టికను ముట్టుకునే ముందే ఆ మార్పును లాగ్ అనే వరుస పుస్తకంలో రాయాలి. లాగ్ అంటే డేటాబేస్ తనకోసం తాను రాసుకునే చిట్టా. దానివల్ల ప్రతి వరుసనూ రెండు చోట్ల రాయవలసి వస్తుంది. వేల వరుసలు చేరుస్తున్నంతసేపూ ఇతరులు వాటిని మార్చకుండా లాక్‌లు, అంటే తాత్కాలిక తాళాలు, వేయవలసి వస్తుంది.

ఒకే ఆదేశంతో అనేక వరుసలను మార్చడంలో పొంచి ఉన్న మరొక ప్రమాదం సిస్టమ్ ఆర్ కాలంలోనే బయటపడింది. 25,000 డాలర్ల కంటే తక్కువ జీతం గల ఉద్యోగులందరికీ 10 శాతం పెంచమని ఆదేశించగా, పని ముగిసే సరికి వారందరి జీతాలూ 25,000కు లేదా అంతకు పైకి చేరుకున్నాయి. జీతాల సూచిక వెంట నడుస్తూ ఒక ఉద్యోగి జీతాన్ని పెంచగానే, ఆ వరుస సూచికలో ముందుకు జరిగి, నడక అక్కడికి చేరినప్పుడు కొత్త వరుసలా మళ్లీ ఎదురై, మళ్లీ పెంపు పొందడమే ఇందుకు కారణం. హాలోవీన్ పండుగ నాడు గుర్తించినందువల్ల దీనికి హాలోవీన్ సమస్య అన్న పేరు నిలిచిపోయింది. మార్చవలసిన వరుసలను ముందుగా ఎంచి పక్కన పెట్టుకొని, తరువాతనే మార్చాలన్నది దీనికి కుదిరిన పరిష్కారాల్లో ఒకటి; చదివే పుస్తకాన్నీ రాసే పుస్తకాన్నీ వేరుగా ఉంచిన టేపుల విధానంలో ఈ చిక్కు పుట్టే అవకాశమే లేదు.

లోడర్‌ల పుట్టుక

రిలేషనల్ డేటాబేసులు ప్రయోగశాల నుంచి బ్యాంకులకు, దుకాణాలకు చేరిన 1980లలో, సాధారణ ఇన్సర్ట్ ఆదేశంతో భారీ సమాచారాన్ని ఎక్కించడం అసాధ్యమని తేలిపోయింది. వరుసల చేర్పుకు ఎస్‌క్యూఎల్ రహదారి ఒకటి ఉండగా, దానిని తప్పించుకొని వెళ్లే అడ్డదారిని ప్రతి సంస్థా తానుగా నిర్మించుకున్నది. ఐబీఎం డీబీ2లో లోడ్ యుటిలిటీ, ఒరాకిల్‌లో ఎస్‌క్యూఎల్ లోడర్, సైబేస్‌లో బీసీపీ, టెరాడేటాలో ఫాస్ట్‌లోడ్, తరువాతి కాలంలో పోస్ట్‌గ్రెస్‌లో కాపీ ఆదేశం ఈ కోవకు చెందినవి.

ఈ లోడర్‌ల పనితీరులో మూడు మెళకువలు ఎక్కువగా కనిపిస్తాయి. మొదటిది, ఒక్కొక్క వరుసకు ఆదేశాన్ని విశ్లేషించే శ్రమను మాని, వరుసల గుంపును నేరుగా డిస్క్ బ్లాకుల ఆకారంలోకి పేర్చి పట్టిక చివర చేర్చడం. ఒరాకిల్ దీనిని డైరెక్ట్ పాత్ అని పిలిచింది. రెండవది, లాగ్‌లో ప్రతి వరుసనూ రాయకుండా విడిచిపెట్టడం. పని చెడితే మూలపు ఫైలు నుంచి మళ్లీ ఎక్కించుకోవచ్చన్న ధైర్యమే దీనికి ఆధారం. మూడవది, ఇండెక్స్‌ను వరుస వెంట వరుసగా పెంచకుండా, ముందుగా గుర్తులన్నిటినీ క్రమంలో పేర్చుకొని, చెట్టును ఆకుల నుంచి వేరు వైపుకు ఒకే విడతలో కట్టుకు రావడం. ఇక్కడ టేపుల కాలపు సూత్రం మళ్లీ ప్రత్యక్షమైంది: ఎక్కడికైనా వెళ్లగల డిస్క్ మీద కూడా, అటూ ఇటూ తిరగకుండా వరుసగా రాయడమే అత్యంత వేగవంతమైన మార్గంగా మిగిలింది.

అడ్డదారికి సుంకం తప్పలేదు. లాగ్ లేకుండా లోడ్ చేసిన పట్టికను డీబీ2 కాపీ పెండింగ్ అనే స్థితిలో ఉంచి, దాని నకలు తీసి భద్రపరచే వరకు మార్పులను అనుమతించేది కాదు. పట్టికల నడుమ సంబంధాలను పరిశీలించకుండా లోడ్ చేసినట్లయితే చెక్ పెండింగ్ అనే మరొక స్థితి విధించేది. టెరాడేటా ఫాస్ట్‌లోడ్ ఖాళీ పట్టికలోకి మాత్రమే ఎక్కించేది. ఒరాకిల్ లోడర్ తనకు మింగుడుపడని వరుసలను, ఉదాహరణకు తేదీ ఉండవలసిన చోట అక్షరాలున్న వాటిని, బ్యాడ్ ఫైల్ అనే వేరు ఫైలులో పడవేసి ముందుకు సాగేది. ఎంతటి భారీ లోడ్ అయినా, దాని నాణ్యత ఎంత వేగంగా ముగిసిందన్న దాని మీద కంటే, ఆ తిరస్కృత వరుసలను మరునాడు ఎవరు తెరిచి చూశారన్న దాని మీద ఆధారపడి ఉంటుందన్న పాఠం వృత్తిలో ఉన్నవారికి ఈ దశలోనే బోధపడింది.

రిఫ్రెష్: మారినదానినే దిద్దడం

ఒకసారి ఎక్కించిన సమాచారం కాలంతో పాతబడుతుంది. రైత్వారీ ప్రాంతాల్లో గ్రామ కరణం నిర్వహించే లెక్కలను ఫసలీకి, అనగా రెవెన్యూ సంవత్సరానికి, ఒకసారి జమాబందీలో అధికారులు సరిచూసి ఖాయం చేసే ఏర్పాటు ఉండేది. ఫలానా ఫసలీ నాటి లెక్క అని చెప్పడంలోనే ఆ లెక్క ఏ నాటిదో, ఎంత మేరకు నమ్మదగినదో తెలిసేది. డేటాబేసుల్లో ఇటువంటి భావననే 1980లో మిషెల్ అదీబా, బ్రూస్ లిండ్సే స్నాప్‌షాట్ పేరుతో ప్రతిపాదించారు. మూల పట్టికల నుంచి ఒక నిర్దిష్ట సమయానికి తీసి, చదవడానికి మాత్రమే వీలుగా భద్రపరిచి, అవసరమైనప్పుడు రిఫ్రెష్ ద్వారా కొత్తపరచుకునే నకలే స్నాప్‌షాట్.

ప్రతి రిఫ్రెష్‌లోనూ నకలును మొత్తంగా తిరగరాయడం వ్యర్థమని 1986లో లిండ్సే, లారా హాస్, సి. మోహన్ తదితరులు తేడాల ఆధారంగా నడిచే రిఫ్రెష్ పద్ధతిని ప్రకటించారు. అదే సంవత్సరం బ్లేక్లీ, లార్సన్, టొంపా ఎంపికలు, కలయికలతో ముందుగా లెక్కించి దాచిన ఫలితాలను, అనగా మెటీరియలైజ్డ్ వ్యూలను, మార్పుల మేరకే ఎలా సవరించవచ్చో చూపారు. ఒరాకిల్ 1992లో వచ్చిన తన ఏడవ సంచికలో స్నాప్‌షాట్‌లను, 1999లో 8ఐ సంచికలో మెటీరియలైజ్డ్ వ్యూలను అందించింది. మొత్తం తిరగరాయడాన్ని కంప్లీట్ రిఫ్రెష్ అనీ, మూల పట్టిక పక్కన ఉంచిన మార్పుల చిట్టాను చదివి మారినంత మేరకే దిద్దడాన్ని ఫాస్ట్ రిఫ్రెష్ అనీ అందులో వ్యవహరించారు.

మారినంత మేరకే దిద్దడం వినడానికి తేలిక, చేయడానికి అన్నిచోట్లా కుదరదు. ఒక జిల్లాలోని అమ్మకాల మొత్తాన్ని దాచి ఉంచినట్లయితే, కొత్త అమ్మకాన్ని కలుపుతూ, రద్దయిన దానిని తీసివేస్తూ పోవచ్చు. సగటును దాచాలంటే మొత్తంతో పాటు సంఖ్యను కూడా దాచుకోవాలి. అత్యధిక అమ్మకాన్ని దాచినప్పుడు, కొత్త వరుసలు చేరినంత కాలం చిక్కు లేదు. ఆ అత్యధికమైన వరుసే రద్దయితే దాని తరువాతి స్థానం ఎవరిదో దాచిన ఫలితంలో ఉండదు కనుక, మూల పట్టికను మళ్లీ చదవక తప్పదు. చేర్పులను భరించడం, తొలగింపులను భరించడం సమానం కావన్న ఈ ఎరుక రిఫ్రెష్ పరిశోధనకు పునాదిగా నిలిచింది.

గిడ్డంగి, రాత్రి గడువు

లావాదేవీలు నడిచే డేటాబేస్ మీదనే పెద్ద పెద్ద విశ్లేషణలు నడిపితే రెండూ కుంటుపడతాయి కనుక, విశ్లేషణకు వేరొక డేటాబేస్ ఉండాలన్న ఆలోచనను 1988లో ఐబీఎంకు చెందిన బ్యారీ డెవ్లిన్, పాల్ మర్ఫీ ఒక వ్యాసంలో వివరించారు. 1992లో బిల్ ఇన్‌మన్, 1996లో రాల్ఫ్ కింబల్ వెలువరించిన పుస్తకాలతో డేటా వేర్‌హౌస్, అనగా సమాచార గిడ్డంగి, ఒక ప్రత్యేక విద్యగా స్థిరపడింది. 1992లోనే వాల్‌మార్ట్ సంస్థలోని టెరాడేటా గిడ్డంగి ఒక టెరాబైట్ పరిమాణాన్ని అందుకున్నది. మూల వ్యవస్థల నుంచి సమాచారాన్ని తీయడం, శుభ్రపరిచి రూపం మార్చడం, గిడ్డంగిలో ఎక్కించడం అన్న మూడు పనులను కలిపి ఈటీఎల్ అని పిలిచారు. దుకాణాలు మూసిన తరువాత మొదలై, తెరిచేలోపు ముగియవలసిన ఈ పనికి దొరికే గడువును బ్యాచ్ విండో అనేవారు.

హైదరాబాద్ అమీర్‌పేటలోని శిక్షణ కేంద్రాల్లో ఈటీఎల్ సాధనాలైన ఇన్‌ఫర్మాటికా, డేటాస్టేజ్‌లతో పాటు టెరాడేటా కోర్సులు చదివి, ఇక్కడా విదేశాల్లోనూ ఈ వృత్తిలో చేరిన తెలుగు యువత సంఖ్య పెద్దది. అమెరికాలో రాత్రి అయ్యే వేళకు ఇక్కడ పగలు కావడం వల్ల, అక్కడి వ్యాపారాల రాత్రి లోడ్‌లను ఇక్కడి పగటి వేళ కాపు కాయడం వారి దినచర్యలో భాగమైంది. ప్రపంచ వాణిజ్యపు ఆవర్జాలు ఉదయానికి సిద్ధంగా ఉండడం వెనుక ఉన్న ఈ అజ్ఞాత శ్రమకు సాంకేతిక చరిత్రల్లో దక్కవలసిన చోటు ఇంకా దక్కలేదు.

గిడ్డంగుల ప్రాధాన్యాన్ని గుర్తించి, డేటాబేసుల వేగాన్ని పోల్చే టీపీసీ మండలి 1995లో వెలువరించిన టీపీసీ-డి ప్రమాణంలో ప్రశ్నలతో పాటు రెండు రిఫ్రెష్ పనులను కూడా చేర్చారు. ఒకటి పట్టికలో వెయ్యో వంతు ఆర్డర్లను చేరుస్తుంది, మరొకటి అంతే మేరకు తొలగిస్తుంది. 1997లో ఒరాకిల్ పట్టికలను నెలల వారీ, ఏళ్ల వారీ విభాగాలుగా పంచే పార్టిషనింగ్‌ను ప్రవేశపెట్టిన తరువాత, కొత్త నెల సమాచారాన్ని వేరు పట్టికలో తీరికగా ఎక్కించి, సూచికలు కట్టి, పరీక్షించి, చివర ఒక్క క్షణంలో దానిని పెద్ద పట్టికలోని విభాగంతో మార్పిడి చేయడం సాధ్యపడింది. పాత టేపును తీసి కొత్త టేపును అమర్చడాన్ని ఇది తలపిస్తుంది. ఉన్న వరుసను సవరించి, లేని వరుసను చేర్చే మెర్జ్ ఆదేశం 2003లో ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో చోటు చేసుకున్నది. మాస్టర్ ఫైలును చిట్టాతో కలిపే యాభై ఏళ్ల నాటి పని ఆ ఒక్క ఆదేశంలో ఒదిగింది.

కొత్తది వచ్చినప్పుడు పాతదానిని ఏమి చేయాలన్నది ఇంతకంటే లోతైన ప్రశ్న. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినప్పుడు, వరంగల్‌లోని ఒక ఖాతాదారు చిరునామాలో రాష్ట్రం పేరు మారింది. పాత పేరు మీద కొత్త పేరు రాసివేస్తే, 2010లో అతడు చేసిన కొనుగోళ్లు కూడా తెలంగాణ లెక్కలోకి వెళ్లి, ఆనాటి ఆంధ్రప్రదేశ్ మొత్తాలు తగ్గిపోతాయి. కింబల్ వర్గీకరణలో ఇలా తుడిచి రాయడాన్ని మొదటి రకమనీ, పాత వరుసకు ముగింపు తేదీ వేసి కొత్త వరుసను చేర్చడాన్ని రెండవ రకమనీ అంటారు. రిఫ్రెష్ అంటే వర్తమానాన్ని నమోదు చేయడం మాత్రమే అనుకున్న చోట గతం చెరిగిపోతుంది.

చిట్టాకు దక్కిన పీట

ప్రపంచమంతటా వ్యాపించిన సేవలకు మూసే వేళ లేకపోవడంతో బ్యాచ్ విండో కుంచించుకుపోయింది. 1996లో ప్యాట్రిక్ ఓనీల్, ఎడ్వర్డ్ చెంగ్, డీటర్ గావ్లిక్, ఎలిజబెత్ ఓనీల్ ప్రతిపాదించిన ఎల్ఎస్ఎం-ట్రీ అనే నిర్మాణంలో, వచ్చిన వరుసలు ముందు మెమరీలో పోగయి, క్రమంలో పేర్చబడి, విడతలు విడతలుగా డిస్క్ మీది పెద్ద జాబితాలతో కలుస్తాయి. 2005 నాటి సి-స్టోర్ పరిశోధన వ్యవస్థలో రాయడానికి ఒక చిన్న నిలువ, చదవడానికి ఒక పెద్ద నిలువ ఉండి, మొదటి దాని నుంచి రెండవ దానికి వరుసలను తరలించే ప్రత్యేక యంత్రాంగం ఉన్నది. చిట్టా, ఆవర్జా, వాటి నడుమ గుమాస్తా ఒకే డేటాబేస్ కడుపులో చేరారన్నమాట.

మూల డేటాబేస్ లాగ్‌ను చదివి, మార్పులను జరిగిన వెంటనే గిడ్డంగికి పంపే ఛేంజ్ డేటా క్యాప్చర్ పద్ధతి కూడా వ్యాపించింది. ప్రమాదం నుంచి కోలుకోవడానికి మాత్రమే ఉద్దేశించిన చిట్టా ఇప్పుడు రిఫ్రెష్‌కు ప్రధాన ఆధారమైంది. చదివేవారి ఇబ్బంది కూడా తగ్గింది: 2013లో పోస్ట్‌గ్రెస్ మెటీరియలైజ్డ్ వ్యూలను తెచ్చినప్పుడు రిఫ్రెష్ ముగిసే వరకు ఎవరూ దానిని చదవలేకపోయేవారు, మరుసటి ఏడాది వచ్చిన సంచికలో పాత ఫలితాన్ని చదువుకోనిస్తూనే, తేడాలను మాత్రమే పోల్చి మార్చే కంకరెంట్లీ అనే వీలు చేరింది.

రోజుల్లో ఉన్న ఎడం గంటలకు, గంటల్లో ఉన్నది సెకన్లకు తగ్గింది, పూర్తిగా తొలగిపోలేదు. సంఘటనలు కాలక్రమంలో జరుగుతాయి, ప్రశ్నలు ఖాతాల క్రమంలో వస్తాయి. ఒక క్రమం నుంచి మరొక క్రమానికి సమాచారాన్ని తరలించే పని ఏ యంత్రమైనా చేయక తప్పదు. రేషను, పింఛను, భూమి హక్కు వంటివి నేడు పట్టికల్లోని వరుసల మీద ఆధారపడి ఉన్నందున, చివరి మార్పు చిట్టాలో చేరి ఆవర్జాలో ఎక్కని వ్యవధిలో అర్హుడైన మనిషి అనర్హుడిగా కనిపించవచ్చు. అందువల్ల లెక్క ఎంత వేగంగా ఎక్కిందన్న గణాంకానికి తోడుగా, అది ఏ నాటి వరకు ఎక్కిన లెక్కో తెలిపే తేదీ కూడా ప్రతి పట్టిక మీద చదివేవారికి కనిపించాలి. ఫసలీ సంవత్సరం పేరు చెప్పి లెక్క చదివిన కాలం నుంచి స్నాప్‌షాట్‌ను నిర్వచించిన కాలం వరకు ఆ తేదీయే ఆవర్జాకు విశ్వసనీయతను ఇచ్చింది.